బండెడు పుస్తకాలు రాసిన బాక్స్‌టర్: ఐక్యత కోరినవాడు ఇంతమందితో ఎందుకు తగువు పడ్డాడు?

అటకమీద_పుస్తకం

అందరికీ నమస్కారం. ఇంగ్లండు అంతర్యుద్ధం గురించి చదువుతూ రిచర్డ్ బాక్స్‌టర్ (1615–1691) దగ్గర ఆగిపోయాను. ప్యూరిటన్ (ఇంగ్లండు సంఘాన్ని ఇంకా సంస్కరించాలన్న ప్రొటెస్టెంట్ వర్గం) పాదిరి, కిడర్‌మిన్‌స్టర్ అనే నేతగాళ్ళ ఊళ్ళో కాపరి. ఆయన భక్తి పుస్తకాల గురించి విన్నాను గానీ వాదగ్రంథాల జాబితా చూస్తే కళ్ళు తిరిగాయి. బాప్టిస్టుల మీద ఒకటి, పాదిరులే అక్కర్లేదనే క్వేకర్ల మీద ఒకటి, కాథలిక్కుల మీద కొన్ని, బిషప్పుల మీద ఇంకొన్ని. సాటి ప్యూరిటన్ జాన్ ఓవెన్‌ని కూడా వదల్లేదు. ఆయన పుస్తకాలన్నీ కలిపితే నూటముప్పైకి పైమాటే. 1685లో విచారణ చేసిన జడ్జి జెఫ్రీస్ కోర్టులోనే "నువ్వు రాసిన పుస్తకాలు ఒక బండికి సరిపోతాయి, ఒక్కోదాని నిండా రాజద్రోహమే" అని అరిచాడట.

ఇదే మనిషి బతుకంతా సంఘాల ఐక్యత కోసం పాటుపడ్డాడని ప్రతి చరిత్రకారుడూ రాస్తాడు. ఈ రెండూ ఎలా పొసుగుతాయి? ఆ వాదగ్రంథాల్లోకి దిగాలంటే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

తెల్లంగీ_తాత

మొదలు 1645లో ఉంది బాబూ. పార్లమెంటు సైన్యం రాజు సైన్యాన్ని ఓడించిన నేజ్‌బీ యుద్ధం అయిన కొద్దిరోజులకే బాక్స్‌టర్ తెలిసినవాళ్ళని చూడ్డానికి పార్లమెంటు సైన్యం విడిది దగ్గరికి వెళ్ళాడు. అక్కడి సిపాయిల మాటలు విని అదిరిపడ్డాడు. క్రీస్తు మన బదులు అంతా చేసేశాడు, ఇక ధర్మశాస్త్రంతో మనకేం పని, పశ్చాత్తాపంతో ఏం పని అనే ధోరణి. సాల్ట్‌మార్ష్ లాంటి సైన్యపు పాదిరులు రాసినవి గుడారాల్లో తిరుగుతున్నాయి. ఈయన ఉండబట్టలేక కర్నల్ వాలీ దళంలో పాదిరిగా చేరి, 1647 దాకా సిపాయిలతో వాదిస్తూనే ఉన్నాడు. చివరికి ముక్కు వెంట ఆగకుండా రక్తం పోయి మంచాన పడితే రౌస్ లెంచ్‌లో ఒక పెద్దింటివాళ్ళు ఆదరించారు.

ఆ మంచం మీదే, చావు దగ్గర్లో ఉందనుకుంటూ, పరలోక విశ్రాంతి గురించి పెద్ద పుస్తకం రాయడం మొదలుపెట్టాడు (1650లో అచ్చయింది). దాని మధ్యలో ఒక చిక్కుముడి తగిలింది: మనిషి దేవుడి ఎదుట నీతిమంతుడుగా తీర్చబడటంలో అతని విధేయతకి చోటుందా లేదా? ఆ ముడి విప్పబోతే వేరే పుస్తకమే అయింది. 1649లో ముందు అదే అచ్చయింది. నీతిమంతులుగా తీర్చబడుట మీద సూత్రాలు. ఆయన తగువులకి వేరు అక్కడుంది.

అందులో ఒక పోలిక చెప్తాడు, మన ప్రాంతంవాళ్ళకి చప్పున ఎక్కుతుంది. కౌలుదారు ఒకడు కౌలు కట్టలేక భూమి పోగొట్టుకున్నాడు, పైగా మోయలేనంత బాకీ. దొర కొడుకు ఆ బాకీ అంతా తీర్చి, భూమి కొని, కొత్త పట్టా రాసి మళ్ళీ అతనికే ఇచ్చాడు. షరతు ఒకటే, ఏడాదికి ఒక మిరియపు గింజ కట్టాలి. ఆ గింజ భూమి ఖరీదు కాదు, పాత బాకీలో పైసా కూడా కాదు. అయినా కొత్త ఒప్పందం ప్రకారం కట్టాల్సిందే. విశ్వాసమూ దానితో వచ్చే విధేయతా ఆ మిరియపు గింజ అంటాడు బాక్స్‌టర్.

ఇంగ్లండులో ఎంతోమంది పాదిరులు భగ్గుమన్నారు. ఆ పుస్తకం అంకితం పుచ్చుకున్న ఆంథనీ బర్జెస్ కూడా ఎదురు తిరిగాడు.

సందేహాలరాయుడు

నేను క్రైస్తవుణ్ణి కాదు, తప్పుంటే సర్దండి. ఇది మా వైష్ణవంలో వడగల, తెంగల తగువులా లేదూ? కోతిపిల్ల తల్లిని తానే పట్టుకోవాలి, పిల్లిపిల్లని తల్లే నోట కరుచుకుపోతుంది. మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం. బాక్స్‌టర్ కోతి పక్షం, సిపాయిలు పిల్లి పక్షం అనుకోవచ్చా?

తెల్లంగీ_తాత

కొంతవరకు బాగానే అతుకుతుంది రాయుడుగారూ. కానీ ఓవెన్‌ని సిపాయిలతో కలిపేయకండి. ఆయన కూడా ధర్మశాస్త్రాన్ని తోసెయ్యలేదు. అసలు వాళ్ళిద్దరి పేచీ ఇంకా లోపలుంది. క్రీస్తు సిలువ మీద చెల్లించింది మనం బాకీపడ్డ *అదే* శిక్షా, లేక దానికి *సరిసమానమైన* మరొకటా? ఓవెన్ 'అదే' అన్నాడు. బాక్స్‌టర్ 'సమానమైనది' అన్నాడు. ఈ మాట డచ్చి పండితుడు గ్రోషియస్ దారిలోది.

తల వెంట్రుకని నిలువునా చీల్చినట్టుంది కదా? బాక్స్‌టర్ భయం చూడండి మరి. ఉన్న బాకీనే అణాపైసలతో కట్టేస్తే ఆ క్షణమే బాకీ రద్దు. మనిషి నమ్మకముందే, పుట్టకముందే రద్దు. ఇక పశ్చాత్తాపపడమని ఎవరికి చెప్పాలి? సమానమైనది కడితే మాత్రం, పుచ్చుకునేవాడు తన షరతు పెట్టొచ్చు. ఓవెన్ ఆ పర్యవసానాన్ని ఒప్పుకోలేదు, 1650లో జవాబు రాశాడు. బాక్స్‌టర్ ఓవెన్ పేరెత్తి విమర్శించింది తన సూత్రాల పుస్తకం చివరి అనుబంధంలో. అప్పటికి ఇద్దరికీ ముప్పైనాలుగు అటూఇటూ. ఓవెన్ ఆక్స్‌ఫర్డులో చదివినవాడు, తర్వాత అక్కడే వైస్ చాన్సలర్ అయ్యాడు. బాక్స్‌టర్ విశ్వవిద్యాలయం గడప తొక్కలేదు. ఆ ఎరుక ఇద్దరికీ ఉంది.

ఒంగోలుగిత్త

తాతగారు ఓవెన్ దగ్గరే ఆగారు, మా బాప్టిస్టుల మీద రాసింది చెప్పలేదు 🙂

1650 జనవరి 1న కిడర్‌మిన్‌స్టర్ పక్కనే బ్యూడ్‌లీ చర్చిలో జాన్ టూంబ్స్‌తో శిశు బాప్తిస్మం మీద బహిరంగ వాదం. టూంబ్స్ అక్కడి పాదిరే, కానీ పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వడం వాక్యానుసారం కాదన్నాడు. పొద్దున మొదలై సాయంత్రం దాకా, తిండి లేకుండా, కిక్కిరిసిన జనం ముందు. మరుసటేడు బాక్స్‌టర్ దాన్ని లావుపాటి పుస్తకం చేశాడు. అసలు వాదం ఇదీ: ఇశ్రాయేలులో పసిపిల్లలు దేవుని ప్రజల్లో సభ్యులు, ఆ సభ్యత్వాన్ని దేవుడు రద్దు చేశాడని కొత్త నిబంధనలో ఎక్కడుందో చూపించు. టూంబ్స్ జవాబు: ఇశ్రాయేలు ఒక జాతి, సువార్త సంఘం నమ్మినవాళ్ళ కూడిక. దాని కొలత దీనికి పనికిరాదు.

ఇంతవరకు గౌరవంగానే ఉంది. ఆ తర్వాతేమో, చన్నీళ్ళలో ముంచడం ఆరో ఆజ్ఞ ఉల్లంఘన, అంటే నరహత్య అన్నాడు! బట్టల్లేకుండా ముంచుతారని వ్యభిచారం ఆజ్ఞ కూడా లాక్కొచ్చాడు. ఇది తర్కమా, బురద చల్లడమా? 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి ముంచి బాప్తిస్మం ఇచ్చారు. మావాళ్ళు చలికి పోయారని ఎవరూ రాయలేదు.

తెల్లంగీ_తాత

జూలైలో ఒంగోలు నీళ్ళకి, జనవరిలో వూస్టర్‌షైర్ నీళ్ళకి తేడా లేదంటావేమిటయ్యా. అయినా ఆ భాగం నేనూ వెనకేసుకురాను. మాది గుంటూరు లూథరన్ కుటుంబం, చిలకరింపు బాప్తిస్మమే. పసిపిల్లల సభ్యత్వం మీద ఆయన చెప్పింది ఇప్పటికీ మా వైపు బలమైన వాదమే. నరహత్య మాట మాత్రం రాయకుండా ఉండాల్సింది.

నిర్వాహకుడు

శిశు బాప్తిస్మం సరైనదా కాదా అన్నది ఈ చర్చలో తేల్చకండి. దానికి వేరే చర్చ ఉంది, అక్కడ ఇప్పటికే యుద్ధం నడుస్తోంది. బాక్స్‌టర్ రచనల మీదే ఉండండి.

బర్మింగ్‌హామ్_బాబాయ్

నేనుండేది ఇక్కడికి దగ్గర్లోనే, కిడర్‌మిన్‌స్టర్ చాలాసార్లు వెళ్ళాను. సెయింట్ మేరీస్ చర్చి బయట బాక్స్‌టర్ పాలరాతి విగ్రహం ఉంది, చెయ్యి పైకెత్తి. 1875లో పెట్టారు. చీలికలు పట్టిన కాలంలో ఐక్యతని, అందరినీ కలుపుకుపోవడాన్ని కోరాడని దిమ్మె మీద చెక్కారు. ఆంగ్లికన్లూ, వాళ్ళతో విడిపోయిన సంఘాలవాళ్ళూ కలిసి పెట్టించారు.

ఇంకో సంగతి. ఆయన ప్రసంగించిన వేదిక ఇప్పుడు ఆ ఊరి యూనిటేరియన్ చర్చిలో ఉంది. క్రీస్తు దైవత్వాన్ని ఒప్పుకోనివాళ్ళ మీద కూడా కలం దూసినవాడి వేదిక, చివరికి త్రిత్వాన్ని ఒప్పుకోని సంఘం చేతికి చేరింది!

నీలిసిరా

అటకమీద_పుస్తకం గారి మొదటి ప్రశ్నకి ఇంకా జవాబు రాలేదు కాబట్టి కొంచెం పెద్దగా రాస్తున్నాను.

ఐక్యత ఒక చేత్తో, కలహం ఇంకో చేత్తో అని విడదీస్తే బాక్స్‌టర్ అర్థం కాడని నా అభిప్రాయం. ఆయన లెక్క ప్రకారం క్రైస్తవుల తగాదాల్లో ఎక్కువ భాగం మాటల గందరగోళం. ఒక్కో పదానికి ఇన్నేసి అర్థాలున్నాయని విడగొట్టి చూపిస్తే ఇద్దరూ ఒకటే అంటున్నారని తేలుతుంది. అందుకే ప్రతి పుస్తకంలోనూ విభజనలు, ఉపవిభజనలు, అంకెలు వేసిన ప్రతిపాదనలు. 1675లో కాల్విన్ పక్షాన్నీ (రక్షణ దేవుడి ఎన్నికే అనేవాళ్ళు) ఆర్మీనియస్ పక్షాన్నీ (మనిషి ఇష్టానికీ చోటుందనేవాళ్ళు) కలపడానికి రాసిన కాథలిక్ థియాలజీ (ఇక్కడ కాథలిక్ అంటే సార్వత్రికం) తెరిచి చూడండి, పేజీల కొద్దీ ఇదే పని. వాదించడమే ఆయనకి సంధి చేసే పద్ధతి. చిక్కెక్కడంటే, కొత్త విభజన చూపించిన ప్రతిసారీ కొట్టుకోవడానికి ఇంకో చోటు దొరికింది.

దీనికి పూర్తిగా ఎదురు కొసన ఇంకో బాక్స్‌టర్ ఉన్నాడు. 1654లో, మత సహనం ఎవరిదాకా వర్తించాలో తేల్చడానికి, క్రైస్తవ మతానికి మూలాంశాలేమిటో జాబితా రాయమని పార్లమెంటు కొందరు పాదిరులని పిలిచింది. ఓవెన్ వర్గం పొడవాటి జాబితా తయారుచేస్తుంటే, బాక్స్‌టర్ అపొస్తలుల విశ్వాసప్రమాణం, ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు చాలన్నాడు. అలాగైతే పోపు పక్షంవాడూ, త్రిత్వాన్ని ఒప్పుకోని సొసీనియన్ కూడా సంతకం పెట్టేస్తారే అన్నారు వాళ్ళు. మరీ మంచిది అన్నాడాయన, కలిసి ఉండటానికి అదే అనువైనది. తర్వాత ఎవరైనా దానికి విరుద్ధంగా బోధిస్తే అప్పుడు ఆ బోధ మీద చర్య తీసుకోండి, ముందే ఉచ్చు పన్నొద్దు.

చేర్చుకునేటప్పుడు మూడే మూడు, వాదించేటప్పుడు మూడొందలు. తలుపు వెడల్పుగా పెట్టమన్నవాడే లోపలికొచ్చిన ప్రతివాణ్ణీ కూర్చోబెట్టి ప్రశ్నించాడు.

ఇంకొకటి కూడా చూడాలి. ఈ వాదాలు గాలిలో జరగలేదు. కిడర్‌మిన్‌స్టర్‌లో ఆయనా సహాయకుడూ కలిసి సోమ మంగళవారాల్లో వారానికి సుమారు 14 కుటుంబాలని విడివిడిగా కూర్చోబెట్టుకుని ప్రశ్నోత్తరాలు నడిపేవారు. ఎనిమిదొందల కుటుంబాల ఊరు. జనం పట్టక చర్చిలో అయిదు గ్యాలరీలు కట్టారు. బాప్తిస్మం ఎవరికి, ప్రభు భోజనం ఎవరికి, ఎవరిని ఆపాలి అన్నది ఆయనకి ప్రతి ఆదివారం ఎదురయ్యే పని. టూంబ్స్ గెలిస్తే ఊరంతా ఒకే సంఘం అన్న పునాదే కదులుతుంది. అంత కోపం అందుకే.

సందేహాలరాయుడు

> వాదించడమే ఆయనకి సంధి చేసే పద్ధతి

మీరు మరీ దయగా చెప్తున్నారమ్మా. నాకైతే 'నేనొక్కణ్ణే స్పష్టంగా ఆలోచిస్తాను, మిగతావాళ్ళది గందరగోళం' అనే అహం కనిపిస్తోంది. ఎదుటివాడికి నిజంగానే వేరే అభిప్రాయం ఉందని ఒప్పుకోకపోవడం కూడా ఒక రకం చిన్నచూపే కదా? మన దగ్గర పూర్వపక్షం చెప్పేటప్పుడు ఎదుటివాడు తలూపేలా చెప్పాలంటారు. ఓవెన్ తలూపాడా?

నీలిసిరా

లేదు, ఊపలేదు. ఆ అహం ఆయనలో ఉంది, కాదనను. 1661లో సవాయ్ సమావేశం చూడండి. రాచరికం తిరిగొచ్చింది, బిషప్పులు గెలిచారు, ఇంగ్లండు సంఘపు ప్రార్థనా గ్రంథంలో మార్పులేమిటో చెప్పమన్నారు. నాలుగు సవరణలు అడగాల్సిన చోట బాక్స్‌టర్ ఒక పక్షం రోజుల్లో సొంతంగా కొత్త ఆరాధనా క్రమమే రాసి పెట్టాడు! రాజీకి రాని బిషప్పులకి అది చక్కటి సాకు. వాళ్ళు ఎలాగూ ఇవ్వదలచుకోలేదు, అది వేరే మాట.

అయితే పదవి కోసం వాదించే మనిషి కాడు. అంతకు ముందటేడే హియర్‌ఫర్డ్ బిషప్ పదవి ఇస్తామంటే వద్దన్నాడు. 1662లో, పాదిరులంతా ఆ ప్రార్థనా గ్రంథాన్ని ఒప్పుకోవాల్సిందే అనే ఏకరూపతా చట్టం వచ్చింది. 1660 నుంచి లెక్కేస్తే దాదాపు రెండువేల మంది పాదిరులు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. గడువు ఆగస్టు 24 దాకా ఉన్నా, మిగతావాళ్ళకి తన నిర్ణయం తెలియాలని ఈయన మేలోనే మానేశాడు.

పొగాకు_బ్యారన్

ఇన్ని మాటలయ్యాయి, జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ పేరు ఒక్కరూ ఎత్తలేదే? పెట్టుబడిదారీ స్ఫూర్తికి ప్యూరిటన్ మూలాలు వెతికిన ఆయన ఎక్కువగా ఆధారపడింది బాక్స్‌టర్ 1673 నాటి క్రిస్టియన్ డైరెక్టరీ మీదే కదా.

నీలిసిరా

అవును, కానీ అది వాదగ్రంథం కాదు. దినచర్య మొదలు వ్యాపారం దాకా ఎలా నడుచుకోవాలో చెప్పే బృహద్గ్రంథం. అందులోనే మనుషుల్ని పట్టుకెళ్ళి బానిసలుగా అమ్మేవాళ్ళని దొంగలతో సమానంగా తిట్టాడు. వెబర్‌కి వేరే చర్చ పెట్టండి.

ఒంగోలుగిత్త

క్వేకర్ల సంగతి ఎవరైనా చెప్తారా? వాళ్ళతో కూడా ముఖాముఖి వాదించాడని విన్నాను.

బర్మింగ్‌హామ్_బాబాయ్

1655లో వాళ్ళ మీద చిన్న పుస్తకం వేశాడు. వాళ్ళు ఆరాధన మధ్యలో లేచి పాదిరులని అబద్ధ బోధకులని అరిచేవారు, ఈయనకీ ఆ అనుభవం ఉంది. వాళ్ళలో జేమ్స్ నేలర్ జవాబు రాశాడు. ఇరవయ్యేళ్ళ తర్వాత, 1675లో, రిక్‌మన్స్‌వర్త్‌లో విలియం పెన్‌తో సుమారు ఏడు గంటలు వాదించాడు. అవును, పెన్సిల్వేనియా పెన్నే. అప్పటికి బాక్స్‌టర్‌కి అరవై దగ్గర, ఒంట్లో లేని రోగం లేదు. ఆ ఓపిక ఎక్కణ్ణుంచి వచ్చిందో!

మల్లెమొగ్గ

మార్గరెట్ గురించి ఎవరూ చెప్పరేం? 1662లో పెళ్ళి, ఆమెకి ఇరవైలు, ఆయనకి నలభయ్యారు. 1681లో ఆమె పోయాక ఆమె జీవితం గురించి ఒక చిన్న పుస్తకం రాశాడు. తన రాతల మీద ఆమె పెట్టిన వంకలు అందులో దాచకుండా చెప్పాడు. తక్కువ పుస్తకాలు రాసి, ఆ కొద్దీ ఇంకా బాగా రాసుంటే మేలు అనేదట. ఆయన మాట దురుసుగా ఉంటే నొచ్చుకునేదట. నా మటుకు ఆయన వాదగ్రంథాలన్నిటి మీదా వచ్చిన సమీక్షల్లో ఇదే మొదటి వరస. నూటముప్పై చదవలేం, ఇదొక్కటి చదవండి.

సందేహాలరాయుడు

మార్గరెట్‌గారికి నా ఓటు.

తెల్లంగీ_తాత

ఆమె మాట ఆయన చెవికి ఎక్కిందనే అనుకుంటాను. ఆయన పోయాక 1696లో అచ్చయిన ఆత్మకథలో, వయసుతో తనలో వచ్చిన మార్పులు రాసుకున్న భాగం ఉంది. కుర్రతనంలో మూలాంశాలని గబగబా దాటేసి వివాదాల్లోకి పరుగెత్తాననీ, వయసు పెరిగేకొద్దీ వాటి బరువు తగ్గి విశ్వాసప్రమాణం, ప్రభువు ప్రార్థన, ఆజ్ఞలే రోజువారీ తిండి అయ్యాయనీ అంటాడు. సత్యాన్ని మరీ కటువుగా మీద రుద్దడమంత అడ్డు సత్యానికి మరొకటి లేదంటాడు. రుజువు చూపిస్తే చాలు మనుషులు మారతారనుకోవడం వాళ్ళ రోగాన్ని తప్పుగా పోల్చుకోవడమే అని కూడా. అటకమీద_పుస్తకం బాబుకి నా సలహా ఇదే, ముందు ఆ భాగం చదివి అప్పుడు వెనక్కి 1649కి వెళ్ళు.

ఒంగోలుగిత్త

బాగుంది తాతగారూ. కానీ ఆ భాగం రాసింది 1660ల్లో. 1690లో ఏం చేశాడు మరి? టోబయస్ క్రిస్ప్ అనే, ఎప్పుడో 1643లో చచ్చిపోయిన పాదిరి ప్రసంగాలు మళ్ళీ అచ్చు వేస్తే, డెబ్బై నాలుగేళ్ళ ముసలాయన లండన్ పిన్నర్స్ హాల్లో లేచి వాటి మీద విరుచుకుపడ్డాడు. ఆ ఏడే పుస్తకమూ వేశాడు. విషయం ఏమిటంటే మళ్ళీ అదే, సిపాయిల గుడారాల్లో విన్నదే. 1691లో పోయాడు. మెత్తబడింది ఎక్కడ?

నీలిసిరా

అది నేనూ ఒప్పుకుంటాను. బాప్టిస్టుల మీద, స్వతంత్ర సంఘాల మీద స్వరం తగ్గింది, వాళ్ళని ప్రభు భోజనానికి చేర్చుకోవచ్చన్నాడు. కానీ 'కృప ఉంది కాబట్టి విధేయత అక్కర్లేదు' అనే బోధ మాత్రం చివరిదాకా ఆయనకి నిప్పే. మిగతా వివాదాలన్నిటినీ మాటల తేడాగా సర్దెయ్యగలిగాడు, దీన్ని సర్దలేకపోయాడు. నన్నడిగితే ఆయన వాదగ్రంథాలు చదవడానికి ఇదే పట్టు: దేన్ని మాటల తేడా అన్నాడు, దేన్ని అనలేదు అని చూసుకుంటూ పోవడం.

అటకమీద_పుస్తకం

అందరికీ ధన్యవాదాలు. వరస ఇలా పెట్టుకున్నాను: ఆత్మకథలో తాతగారు చెప్పిన భాగం, మార్గరెట్ పుస్తకం, తర్వాత 1649 సూత్రాలు, దానికి ఓవెన్ జవాబు. ఒక్క సందేహం. జెఫ్రీస్ విచారణకి కారణమైన పుస్తకం ఏది? అది కూడా వాదగ్రంథమేనా?

బర్మింగ్‌హామ్_బాబాయ్

కాదు, అదే తమాషా. కొత్త నిబంధనకి రాసిన వివరణ, 1685. అందులో కొన్ని మాటలు బిషప్పులని ఉద్దేశించినవే అని కేసు పెట్టారు. ఆయన లాయర్లని కూడా జెఫ్రీస్ మాట్లాడనివ్వలేదు. 500 మార్కుల (అప్పటి ఇంగ్లండు డబ్బు లెక్క) జరిమానా. కట్టకపోవడంతో మరుసటేడు నవంబరు దాకా కింగ్స్ బెంచ్ జైల్లో ఉన్నాడు. అన్ని వాదగ్రంథాలు రాసినవాణ్ణి పట్టుకోవడానికి బైబిలు వివరణ దొరికింది వాళ్ళకి.

ఒంగోలుగిత్త

దానికి ముందే 1683లో ఆక్స్‌ఫర్డులో ఆయన రాజనీతి పుస్తకం హోలీ కామన్‌వెల్త్‌ని తగలబెట్టారు. 1659 నాటిది. ఆ పుస్తకం రాయనట్టే అనుకోండి అని 1670లోనే ఆయన వెనక్కి తీసుకున్నా ఊరుకోలేదు. వరసలో దాన్నీ చేర్చుకో తమ్ముడూ, ఓవెన్ తర్వాత.